విశాఖలో ఆపరేషన్, నరసన్నపేటలో జీవితం

గుండె జబ్బు గురించి మన దగ్గర జరిగే మాటల్లో సగానికి పైగా ఒక్క రోజు చుట్టూనే తిరుగుతాయి. నొప్పి ఎప్పుడు వచ్చింది, గ్యాస్ అనుకుని ఎంతసేపు ఆగారు, ఎక్కడికి తీసుకెళ్లారు, ఎన్ని బ్లాకులు, స్టెంటా బైపాసా, కార్డు పనిచేసిందా లేదా. ఆ రోజు గట్టెక్కిన మనిషి ఆ తరవాత పదేళ్లో ఇరవయ్యేళ్లో అదే గుండెతో బతకాలి. ఆ ఏళ్ల గురించి చర్చ లేకపోలేదు గానీ, అది చిక్కుముడి పడిపోయింది. ఆపరేషన్ అందరికీ అందితే చాలనేవారు ఒకవైపు, జీవితాంతం మందులే దిక్కనేవారు మరోవైపు. తిండీ నడకా యోగా మార్చుకోకుండా ఏ మందూ పనిచేయదని కొందరు, ఇంట్లో చూసుకునే మనిషి ఉంటే సగం జబ్బు తగ్గినట్టేనని ఇంకొందరు. ఎవరి ఆధారాలు వారికున్నాయి. కాకపోతే ఒకరు అడిగిన ప్రశ్నకు ఇంకొకరు జవాబు చెబుతుంటారు.

ఈ వాదాలను నరసన్నపేట నుంచి చూడటానికి కారణం ఉంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళానికీ టెక్కలికీ నడుమ ఉన్న ఈ ఊరు, జలుమూరు, సారవకోట, పోలాకి మండలాల జనానికి బంగారం నుంచి బిళ్లల దాకా కొనుక్కునే చోటు. గుండెకు పెద్ద చికిత్స కావాలంటే మాత్రం శ్రీకాకుళం వెళ్లాలి, లేదా సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని విశాఖ వెళ్లాలి. రోగి ఎన్నేళ్లు ఎలా బతుకుతాడన్నది ఆ దూరపు చివర జరిగే ఒక పెద్ద పని కన్నా, ఊళ్లో నెలనెలా జరగాల్సిన చిన్న పనుల మీదే ఎక్కువ ఆధారపడుతుందనీ, మన ఏర్పాట్లు మాత్రం దీనికి తలకిందులుగా ఉన్నాయనీ ఈ వ్యాసం వాదన.

ఆపరేషన్ చుట్టూ అల్లుకున్న చరిత్ర

తెలుగునాట గుండె వైద్యం కథ చాలాకాలం ధర కథే. 1998లో డాక్టర్ బి. సోమరాజు, ఏపీజే అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు స్టెంటును తెచ్చినప్పుడు అది పెద్ద వార్త అయింది. దిగుమతి స్టెంటు మధ్యతరగతికి కూడా అందని రోజులవి. ఆ ధరకు దేశమంతటా పగ్గం పడింది 2017 ఫిబ్రవరిలో. మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా జాతీయ ఔషధ ధరల సంస్థ నిర్ణయించింది. ఈ రెండు ఘట్టాల నడుమ 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు వెనుకబడిన జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంటే ఉచిత గుండె ఆపరేషన్ అన్న ఊహ రాష్ట్రమంతటికన్నా ముందు ఈ జిల్లా పల్లెల్లోకే వచ్చింది. అంతకుముందు పొలం అమ్మి, అదీ లేకపోతే దేవుడి మీద భారం వేసి ఊరుకున్న కుటుంబాలకు అది ఎంత మార్పో వేరే చెప్పనక్కర్లేదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా తోడైంది. ఆపరేషన్ తరవాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. 2024లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. పేర్లు మారినా ఎముకల గూడు ఒకటే: ఒక చికిత్స, దానికొక ప్యాకేజీ, దాన్ని చేసే ఒక నెట్‌వర్క్ ఆసుపత్రి.

ఇదే కాలంలో, ఇంత చప్పుడు లేకుండా, ఇంకో కథ నడిచింది. గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను 2003–04లో లెక్కగట్టిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం, చనిపోయినవారిలో 32 శాతం మందిని తీసుకెళ్లింది గుండె, రక్తనాళాల జబ్బులేనని తేల్చింది. పల్లె అంటే జ్వరాలు, విరేచనాలే అన్న నమ్మకం అక్కడితో చెదిరింది. ఆ గ్రామాల్లోనే, అప్పటికే గుండె జబ్బు ఉందని తెలిసినవారు ఏం మందులు వాడుతున్నారని చూస్తే, అతి చవకైన ఆస్పిరిన్ వేసుకునేవారు కూడా నూటికి పదిహేనుమందికి మించలేదు. 2005లో 108, 2008లో నెలకోసారి ఊరికి వచ్చి బీపీ, షుగరు బిళ్లలిచ్చే 104 వాహనాలు, 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం, విలేజ్ క్లినిక్కులు ఈ రెండో కథలోని మెట్లు. మొదటి కథకు బడ్జెట్టూ ప్రచారమూ దక్కాయి. రెండో కథ ప్రభుత్వం మారినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి మొదలవుతూ వచ్చింది. 2012లోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త ఎన్. పురేంద్ర ప్రసాద్ వంటివారు ఆరోగ్యశ్రీని ఈ కోణం నుంచే ప్రశ్నించారు.

ఆపరేషన్ వాదం, మందుల వాదం

ఆపరేషన్ పక్షం వాదన తేలిగ్గా కొట్టేయదగింది కాదు. గుండెపోటు వచ్చిన గంటల్లో మూసుకున్న నాళాన్ని తెరవడం ప్రాణం నిలబెడుతుంది, గుండె కండరాన్ని కాపాడుతుంది. ఆ కండరం ఎంత మిగిలిందన్న దాని మీదే మిగతా జీవితమంతా ఆధారపడుతుంది. విశాఖ దూరమైనవారికి గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను దగ్గరి ప్రభుత్వాసుపత్రుల్లోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు 2023 నుంచి రావడం ఈ వాదానికి దక్కిన అసలైన గెలుపు. చిక్కల్లా, గుండెపోటు నాటి తర్కాన్ని నిలకడగా ఉన్న జబ్బుకు కూడా అంటగట్టడంలో ఉంది. నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గే నొప్పి ఉన్నవారిలో స్టెంటూ మందులూ కలిపి ఇవ్వడం, మందులు మాత్రమే ఇవ్వడం పోల్చిన కరేజ్ పరీక్ష ఫలితాలు 2007లోనే వచ్చాయి. 5,179 మందిని పరిశీలించిన ఇస్కీమియా పరీక్ష 2020లో దాన్నే ఇంకా గట్టిగా చెప్పింది: మంచి మందులు వాడుతుంటే, ముందే స్టెంటో బైపాసో చేయడం వల్ల చావుగానీ గుండెపోటుగానీ మొత్తం మీద తగ్గలేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి ఉపశమనం మాత్రం బాగా దొరికింది. ఎడమ ప్రధాన నాళంలో అడ్డంకి ఉన్నవారు ఈ లెక్కలో లేరు, వారి సంగతి వేరు. కాబట్టి ఆపరేషన్ ఎందుకన్నది ప్రశ్న కాదు. ఎప్పుడు, దేనికోసం అన్నది ప్రశ్న. ఉచితంగా దొరికేది ఆపరేషనే, మందులు సొంత ఖర్చే అయిన చోట ఈ తేడాను నిదానంగా ఆలోచించే తీరిక రోగికీ ఉండదు, ఆసుపత్రికీ ఉండదు.

మందుల పక్షానికి అంకెల బలం ఎక్కువ. 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2011లో చెప్పిందేమంటే, మన దేశం కూడా ఉన్న తక్కువ ఆదాయ దేశాల కోవలో, గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికినవారిలో 80 శాతం మంది ఒక్క నివారణ మందూ వేసుకోవడం లేదు. ఆస్పిరిన్, స్టాటిన్, బీపీ బిళ్లలు: వీటిలో కొత్త ఆవిష్కరణ ఏదీ లేదు, ఖరీదైనదీ లేదు. అన్నీ కలిపి ఒక్క బిళ్లగా చేస్తే మరిచిపోకుండా వేసుకుంటారన్న ఆలోచనకు 2022లో సెక్యూర్ పరీక్ష బలమిచ్చింది. ఇటువంటి కలగలుపు బిళ్లలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఈ పక్షం బలహీనత ఏమిటంటే, రోగి మందు మానేయడాన్ని అది మతిమరుపుగానో మూర్ఖత్వంగానో చూస్తుంది. బిళ్ల మానడానికి పల్లెలో కారణాలు చాలా ఉంటాయి. నొప్పి లేదు కదా అనుకోవడం ఒకటి. అయిపోయిన బిళ్ల కోసం ఒక కూలి రోజు పోగొట్టుకోవాల్సి రావడం ఇంకొకటి. ఆసుపత్రి రాసిన కంపెనీ పేరు ఊళ్లో దొరక్కపోతే, దొరికింది అదే మందని చెప్పే మనిషి ఉండడు. కార్తీక ఉపవాసాలో అయ్యప్ప దీక్షో వస్తే ఏ బిళ్ల ఏ పూట వేసుకోవాలో ఎవరూ చెప్పరు.

వాల్వు జబ్బు ఉన్నవారి గోడు ఈ రెండు పక్షాలకూ సరిగా వినపడదు. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై కీళ్ల జ్వరంగా వచ్చిపోయి, ఇరవై ముప్పై ఏళ్ల వయసులో ఆయాసంగా బయటపడే రుమాటిక్ జబ్బు బీదవారి గుండె జబ్బు. దానికి మూడు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి పడాలి. లోహపు వాల్వు వేశాక బతికినన్నాళ్లూ రక్తాన్ని పలచబరిచే ఎసిట్రోమ్ వంటి బిళ్ల వేసుకోవాలి, క్రమం తప్పకుండా ఐఎన్ఆర్ రక్తపరీక్ష చేయించుకోవాలి. మోతాదు తగ్గితే వాల్వు మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే లోపల రక్తస్రావం అవుతుంది. ఆకుకూరలు పూర్తిగా మానేయమని ఊళ్లో అందరూ చెబుతారు. నిజానికి కావలసింది మానడం కాదు, వారం వారం ఒకే పరిమాణంలో తినడం. పెళ్లి కావలసిన, పిల్లల్ని కనాల్సిన ఆడపిల్లకు ఈ బిళ్లతో గర్భం ఎంత ప్రమాదమో ముందుగా చెప్పాల్సిన మనిషి ఎవరన్నది ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు. 130 కిలోమీటర్ల దూరం అసలు బరువు తెలిసేది ఈ రోగులకే.

నడవడి వాదం, ఆసరా వాదం

తిండి, వ్యాయామం, యోగా మీద మన పత్రికల్లో వచ్చినంత రాత మరే విషయం మీదా రాలేదు. అందుకే ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. క్రమపద్ధతిలో చేసే వ్యాయామ పునరావాసం గుండె మరణాలనూ ఆసుపత్రి చేరికలనూ తగ్గిస్తుందని పదుల పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. అటువంటి కేంద్రాలు మన నగరాల్లోనే అరుదు. ఆ లోటును యోగాతో పూడ్చవచ్చా అని దేశంలోని 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగిన యోగా-కేర్ పరీక్ష 2020లో ఇచ్చిన జవాబు యోగాను నమ్మేవారినీ కొట్టేసేవారినీ కాస్త నిరాశపరిచేదే. మరణాలు, మళ్లీ గుండెపోట్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కానీ తమ బతుకు బాగుందని చెప్పేవారూ, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లినవారూ పెరిగారు. ఆయుష్షు పెరగకపోతే ఏం లాభం అనేవారికి, పొలం పనికి మళ్లీ వెళ్లగలనా అన్న భయం ఎంత పెద్దదో తెలిసినట్టు లేదు.

ఇక ఆసరా. డబ్బు, తోడు, మాట సాయం అన్నీ ఈ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి వాదన కూడా గజిబిజి అవుతుంది. ఆధారాలు రెండు వైపులా ఉన్నాయి. గుండెపోటు తరవాత దిగులులో పడ్డవారికి, ఒంటరివారికి మానసిక చికిత్స ఇచ్చిన అమెరికా పరీక్ష ఎన్‌రిచ్డ్‌లో దిగులు తగ్గింది, మరణాలు తగ్గలేదు. మన దేశంలో 14 ఆసుపత్రుల నుంచి ఇంటికి వెళ్లిన 806 మంది రోగులతో జరిగిన స్ప్రెడ్ పరీక్షలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఏడాదిపాటు కలుస్తూ ఉంటే మందులు వదలనివారు పెరిగారు, బీపీ మెరుగైంది. మళ్లీ మన గోదావరి ప్రాంతంలోనే 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి ముప్పున్నవారిని గుర్తింపజేసిన స్మార్ట్‌హెల్త్ పరీక్షలో బీపీ అదుపులో ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నాలుగు వాదాలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. ఆపరేషన్ ఒక గండం దాటిస్తుంది, మందు తరవాతి గండాన్ని వెనక్కి నెడుతుంది, నడవడి ఉన్న రోజులను బతకదగ్గవిగా చేస్తుంది, ఆసరా ఈ మూడూ ఆగిపోకుండా చూస్తుంది. మొదటిదానికి ఒక రోజు చాలు, ఖర్చు లక్షల్లో, ప్రభుత్వం భరిస్తుంది. మిగతా మూడింటికీ వేల రోజులు కావాలి, ఖర్చు తక్కువ, భరించేది ఇల్లు. ఇవి ఒకదానితో ఒకటి పోటీపడే చికిత్సలు కావు. పోటీ ఉన్నట్టు కనిపించడానికి కారణం డబ్బు ఒకదానికే కట్టి ఉండటం.

శ్రీకాకుళం జిల్లా తెచ్చే చిక్కులు

ఇప్పటిదాకా చెప్పిన పరీక్షలు పెద్దగా పట్టించుకోని ఒక విషయం ఈ జిల్లాకు ప్రాణప్రశ్న. నరసన్నపేటకు ఉత్తరాన పలాస, సోంపేట, కవిటి వైపు విస్తరించిన ఉద్దానం మూత్రపిండాల జబ్బుకు ప్రపంచానికి తెలిసిన పేరు. కారణం ఇంకా తేలలేదు. గుండె బలహీనపడినవారికి వాడే ముఖ్యమైన మందులు కొన్ని రక్తంలో పొటాషియాన్ని పెంచుతాయి, క్రియాటినిన్ మీద ప్రభావం చూపుతాయి. కిడ్నీ బాగున్నవారికి ఇది అప్పుడప్పుడూ రక్తపరీక్షతో సరిపోయే విషయం. కిడ్నీ దెబ్బతిన్నవారికి అదే బిళ్ల ప్రమాదం కావచ్చు, ఆపేస్తే గుండెకు ప్రమాదం. ఉప్పుకు బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడితే పక్షవాతాలు తగ్గాయని చైనాలో 600 గ్రామాల పరీక్ష 2021లో చూపింది. తెలిసిన కిడ్నీ జబ్బున్నవారిని అందులో చేర్చుకోలేదు. ఆ సలహాను ఇక్కడ గుడ్డిగా అమలు చేయలేం. కీళ్లనొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్లు గుండెకూ కిడ్నీకీ రెండింటికీ చేటే. ఎక్కడో తయారైన సలహా పత్రాన్ని తెలుగులోకి మార్చి పంచితే సరిపోదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

పొగాకు సంగతీ అంతే. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మీద ఈ జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లోనే వచ్చింది. అది చూసింది అంగిలి మీది మచ్చలను, క్యాన్సరు భయాన్ని. గుండె జబ్బుకు పొగ మానమని చెప్పే పోస్టర్లలో సిగరెట్టు పట్టుకున్న మగవాడే ఉంటాడు, చుట్ట కాల్చే ముసలమ్మ ఉండదు. తిండి సలహాలదీ అదే వరస. ఓట్స్ తినమనేవారికి చోడి అంబలి గుర్తు రాదు. అసలు మాట్లాడాల్సిన ఎండుచేప, ఆవకాయల ఉప్పు మాత్రం సలహాల్లోంచి జారిపోతుంది.

ఆసరా విషయంలో కిడ్నీ, గుండె రోగుల తేడా గమనించదగ్గది. ఏళ్ల పోరాటం తరవాత ఉద్దానం కిడ్నీ రోగులకు పింఛను, పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. గుండె విషయంలో, 2024లో పెరిగిన ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో నెలకు 10,000 రూపాయల వర్గంలోకి గుండె మార్పిడి జరిగినవారు వస్తారు. గుండె పంపింగ్ సగానికి పడిపోయి, బస్తా ఎత్తలేని హమాలీ ఏ వర్గంలోకీ రాడు. కిడ్నీ రోగులు ఒకే ప్రాంతంలో, ఒకే డయాలసిస్ గదిలో కలుసుకుంటారు. వారికొక గొంతు పుట్టింది. గుండె రోగులు ఊరికి నలుగురు చొప్పున చెదిరి ఉంటారు, ఎవరి బిళ్లలు వారు వేసుకుంటారు.

మూడు అభ్యంతరాలు

ఊళ్లో సేవ మీద ఖర్చు పెడితే ఆపరేషన్లకు కోత పడుతుందన్నది మొదటి అభ్యంతరం. కోత కోరడం లేదు. ఆరోగ్యశ్రీ కాలం నుంచే కొన్ని చికిత్సలకు ఏడాది పాటు ఫాలో-అప్ మందుల ప్యాకేజీ ఉంది. అది ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే ముడిపడి ఉండటం, తరవాత ఆగిపోవడం దాని లోపం. ఆ డబ్బు రోగి వెంట ఊరికి రావాలి, ఏడాదితో ఆగకూడదు. అంతే అడుగుతున్నది.

స్మార్ట్‌హెల్త్ విఫలమైంది కదా, కార్యకర్తల వల్ల ఏమవుతుందన్నది రెండోది, ఎక్కువ బరువున్నది. స్ప్రెడ్‌తో పోల్చి చూస్తే తేడా కనిపిస్తుంది. స్ప్రెడ్‌లో కార్యకర్తకు అప్పగించింది ఒకసారి చావు అంచు చూసి వచ్చిన రోగుల్ని, ఒకే పని మీద. స్మార్ట్‌హెల్త్‌లో ఆశాకు అప్పగించింది తనకే జబ్బూ లేదనుకునే జనాన్ని, అప్పటికే ఉన్న పది పనుల మీద పదకొండోదిగా. ఆమె పంపిన రోగికి ఆరోగ్య కేంద్రంలో డాక్టరూ మందూ ఉంటేనే ట్యాబుకు విలువ. కాబట్టి ఈ రెండు పరీక్షలూ కొట్టుకోవు. ఎవరికి తోడు కావాలో, ఆ తోడు వెనక ఏముండాలో రెండూ కలిసి చెబుతున్నాయి. ఒప్పుకోవలసిందీ ఉంది: స్ప్రెడ్‌లో కార్యకర్త తోడు లేని రోగులు కూడా ఎక్కువమంది మందులు బాగానే వేసుకున్నారు, తేడా 92 శాతానికీ 97 శాతానికీ మధ్యే. పల్లెలో ఫలితం అంతకన్నా ఎక్కువే ఉండవచ్చని ఊహించవచ్చు గానీ, ఊహ రుజువు కాదు.

మన కుటుంబాలే పెద్ద ఆసరా, ప్రభుత్వం ఎందుకన్నది మూడోది. చెవికి ఇంపైన మాటే. కానీ ఈ జిల్లా వలసల జిల్లా. కొడుకులు హైదరాబాదులో, చెన్నైలో, మత్స్యకారులైతే గుజరాత్ వేరావల్ రేవులో ఉంటే, ఇంట్లో మిగిలేది మరో వృద్ధురాలు. మగవాడికి జబ్బు చేస్తే భార్య ఉప్పు తగ్గించి వండుతుంది, బిళ్ల గుర్తు చేస్తుంది, ఆసుపత్రికి తోడు వెళ్తుంది. ఆమెకే జబ్బు చేస్తే ఈ పనులన్నీ ఎవరి పని? ఆడవారి గుండె జబ్బు ఆలస్యంగా బయటపడటానికి లక్షణాల తేడా ఎంత కారణమో, ఇంట్లో వారి ఆయాసాన్ని నీరసమని కొట్టిపారేయడం అంత కారణం.

ఇంకా తేలనివి

గుండె బలహీనపడినవారు ఉప్పు ఎంత తగ్గించాలన్నదే తేలలేదు. మామూలు సలహా రోజుకు 5 గ్రాములలోపు. ఇంకా బాగా తగ్గిస్తే మేలని దశాబ్దాలుగా నమ్మారు. 2022లో సోడియం-హెచ్ఎఫ్ పరీక్షలో ఆసుపత్రి చేరికలు, మరణాలు అలా తగ్గలేదు. చెమట ధారలుగా కారే ఎండాకాలపు పొలం పనిలో ఉన్నవారికి ఏ కొలత సరైనదో ఆ పరీక్ష చెప్పలేదు. కలగలుపు బిళ్ల కూడా కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ఒకే మూసగా ఇవ్వవచ్చా అన్నది తెరిచి ఉన్న ప్రశ్నే.

ఇంతకన్నా తక్కువ చర్చ జరిగింది చివరి దశ గురించి. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరినవారిలో సగం మందికి పైగా ఐదేళ్లలోపే చనిపోతారని తిరువనంతపురం నమోదు అధ్యయనం చూపింది. చాలా క్యాన్సర్లకు తీసిపోని లెక్క ఇది. అయినా క్యాన్సరు రోగితో మాట్లాడినట్టు గుండె రోగితో ఎవరూ రాబోయేదాని గురించి మాట్లాడరు. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని, వెంటనే డాక్టర్ను కలవాలని తెలిసిన ఇల్లు కొన్ని ఆసుపత్రి ప్రయాణాలను తప్పించగలదు. అన్నీ తప్పవు. 2008లోనే ఉపశమన సేవకు రాష్ట్ర విధానం చేసుకున్న కేరళలో ఇంటికి వచ్చే నర్సులు, పొరుగు కార్యకర్తలు ఉన్నారు. అర్ధరాత్రి ఆయాసం ఎక్కువైన వృద్ధుణ్ణి పోలాకి నుంచి విశాఖకు మళ్లీ తీసుకెళ్లాలా, ఇంట్లోనే ఆక్సిజన్, మందులతో ఊపిరి తేలిక చేయాలా అన్నది ఇప్పుడు కుటుంబమూ 108 సిబ్బందీ ఆ గుమ్మంలో నిలబడి తేల్చుకుంటున్నారు. డాక్టరుతో, రోగితో ఈ మాట నెలల ముందే జరగాలంటే, రోగిని పేరుతో ఎరిగిన వైద్యుడు ఆ మండలంలో ఉండాలి.